పొట్లాలు కట్టే మాంసకృత్తులు

రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి నమూనాలు భద్రపరచి ఉన్నాయి. వీటిలో చాలావరకు 1970వ దశకంలో డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా ఆధ్వర్యంలో ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి సేకరించినవే. గింజల రంగు, వాసన, పొడవు వేరు కావచ్చు. కాని పాలు పోసుకునే దశలో ప్రతి గింజా చేయవలసిన పని ఒకటుంది. అది తయారుచేసుకున్న మాంసకృత్తులను ఏరి, వేటిని ఎక్కడికి చేర్చాలో అక్కడికి చేర్చడం. ఈ పని జరిగే తీరును మొదట తెలిపింది మాత్రం వరి కాదు, రొట్టెపిండిని పొంగించే ఈస్ట్!

ఈస్ట్ ఏకకణ జీవే అయినా, దాని కణంలో మన కణాల్లో ఉన్నట్లే కేంద్రకం, అంతర్జీవద్రవ్యజాలం, గాల్జి సంక్లిష్టం ఉంటాయి. వెలుపలికి పోవలసిన మాంసకృత్తులు ముందు ద్రవ్యజాలంలో చేరి, చిన్న తిత్తులలో గాల్జికి ప్రయాణిస్తాయి. ఆ తిత్తిని కట్టేదెవరు?

అమెరికాలోని బర్క్‌లీలో ర్యాండీ షెక్‌మన్, ఆయన విద్యార్థి పీటర్ నోవిక్ ఒక ఉపాయం చేశారు. 25 డిగ్రీల వద్ద మామూలుగా పెరిగి, 37 డిగ్రీల వద్ద స్రావం ఆగిపోయే ఈస్ట్ ఉత్పరివర్తితాల కోసం వెదికారు. సరుకు బయటికి పోకపోతే కణం పెరగదు, లోపల మాత్రం తయారీ సాగుతూనే ఉంటుంది. అందువల్ల దాని సాంద్రత పెరుగుతుంది. ఈ లక్షణంతోనే వాటిని వేరుచేసి, 1980 నాటికి 23 జన్యువులను గుర్తించారు. ఎంత చవకైన ఆలోచనో చూడండి! 2013 నోబెల్ బహుమతిలో షెక్‌మన్‌కు భాగం దక్కింది.

తిత్తిపై తొడుగును 1994లో కనుగొన్నారు. దాని పేరు కాప్-2. ఇందులోని పేర్లు చూసి బెదరకండి, 'సెక్' అంటే స్రావానికి పెట్టిన పొట్టిపేరే. మొదట సార్1 అనే మాంసకృత్తు జీటీపీ అణువును పట్టుకుని పొరలో దిగబడుతుంది. అది సెక్23, సెక్24 జంటను పిలుస్తుంది. సరుకుపై ఉన్న గుర్తులను చదివేది సెక్24. ఆపైన సెక్13, సెక్31 పంజరంలా అల్లుకుంటాయి. పొర వంగి, మిల్లీమీటరులో సుమారు పదిహేను వేలవ వంతు వెడల్పున్న తిత్తిగా ఊడివస్తుంది. అంటే ఏరడం, పొట్లం కట్టడం రెండూ ఈ తొడుగు పనులే. జీటీపీ విచ్ఛిన్నమయ్యాక తొడుగు విడిపోతుంది. ఖాళీ అయిన గోనెసంచుల మాదిరిగా దాని భాగాలు మళ్లీ వాడకానికి వస్తాయి. పొరపాటున గాల్జికి వెళ్లిన ద్రవ్యజాలపు సొంత మాంసకృత్తులను వెనక్కి తెచ్చే తిత్తులకు మరో తొడుగు, కాప్-1, ఉంది.

మనిషిలో సార్1బి జన్యువు దెబ్బతింటే, పేగు కణాలు కొవ్వును రక్తంలోకి పంపలేవు. పసిబిడ్డలకు విరేచనాలు పట్టుకుని, ఎదుగుదల కుంటుపడుతుంది. ఈ అరుదైన వ్యాధికి కారణం 2003లో తేలింది.

ఇక వరి సంగతి. బియ్యపు మాంసకృత్తులలో 60 నుంచి 80 శాతం దాకా గ్లూటెలిన్. ఇది తిత్తులెక్కి గాల్జి మీదుగా నిల్వ రిక్తికలకు చేరుతుంది. ప్రోలమిన్ మాత్రం ఎక్కడికీ పోక, ద్రవ్యజాలంలోనే గుండ్రని రేణువులుగా పేరుకుంటుంది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో వరిగింజలో సార్1ను తగ్గించి చూస్తే, గ్లూటెలిన్ కూడా ద్రవ్యజాలంలోనే చిక్కుకుపోయింది. అన్నంలోని గ్లూటెలిన్ మనకు సులువుగా అరుగుతుంది. ప్రోలమిన్ రేణువులు అంత తేలిగ్గా అరగవు.