సీటు వచ్చేదాకా ఇంట్లోనే ఉంచాలా?

"ప్రత్యేక పాఠశాలలో పేరు రాయించాం సిస్టరమ్మా, పిలుపు రాలేదు. అందాకా ఇంట్లోనే ఉంచాం." కోదాడ వైపు నుండి వచ్చిన ఒక తల్లి మాట ఇది. బాబుకు 9 ఏళ్లు. ఏడాది క్రితం చొక్కా గుండీలు తానే పెట్టుకునేవాడు, ఇప్పుడు అదీ మరిచాడు. అందాకా ఆగమని ఒకప్పుడు మేమూ చెప్పినవాళ్లమే. ఇప్పుడు చెప్పడం లేదు.

తల్లిదండ్రులారా, సీటు కోసం చూస్తూనే మీ ఊరి బడిలో చేర్పించండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలోగాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదువుకునే హక్కును 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. ఆ శాతం వైకల్య సర్టిఫికెట్టులో రాస్తారు, చేయించకపోతే వెంటనే చేయించండి. "మావల్ల కాదు" అని హెడ్మాస్టరు అంటే మండల విద్యాధికారిని కలవండి. భవిత కేంద్రం ఎక్కడుందో, ఫిజియోథెరపీ ఏ రోజో అక్కడే అడగండి. మంచం దిగలేని పిల్లలకు ఇంటివద్దే చదువు చెప్పించుకునే హక్కు 2012 సవరణతో వచ్చింది.

మిర్యాలగూడ వారికి ఒక మాట. 2016లో జిల్లాలు విడిపోయాక కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది, మీరు నల్లగొండలోనే ఉన్నారు. జిల్లా ఆఫీసు పనికి సూర్యాపేట వచ్చి, ఒక రోజు కూలి పోగొట్టుకుని తిరిగి వెళ్లినవారిని చూశాం.

ఆ బాబు ఇప్పుడు ఒక పూట ఊరి బడికి పోతున్నాడు. ప్రత్యేక పాఠశాల నుండి పిలుపు ఇంకా రాలేదు. పై రెండు గుండీలు మాత్రం మళ్లీ పెట్టుకుంటున్నాడట.