ఫోను చచ్చినా ఫోటోలు బతికే ఉండొచ్చు!
సాఫ్ట్‌వేరు వేయించే ముందు అడగవలసిన ఒక్క మాట

గుంటూరు: మిర్చి టిక్కీలతో యార్డుకు వచ్చే రైతుకు ఇప్పుడు ఫోనే ట్రంకుపెట్టె. పాస్‌ పుస్తకం, కాటా చీటీ, కోల్డ్ స్టోరేజీ రసీదు అన్నీ ఫోటోలుగా అందులోనే ఉంటున్నాయి. అటువంటి ఫోను ఒకనాడు కంపెనీ బొమ్మ చూపి అక్కడే ఆగిపోతుంది. దుకాణంలో ‘సాఫ్ట్‌వేరు పోయింది, వేయాలి’ అంటారు. రైతు ‘ఎంతవుతుంది?’ అని అడుగుతాడు. ‘ఫోటోలు ఉంటాయా?’ అని అడిగేవారు తక్కువ.

ఫోను మెమరీ గట్లు వేసిన చేను వంటిది. ఒక మడిలో బూట్ ఇమేజ్ ఉంటుంది. అంటే ఫోనును నిద్రలేపే సరంజామా మూట. అందులో లైనక్స్ కెర్నల్ అనే మూల ప్రోగ్రాము ఉంటుంది. బటన్ నొక్కగానే బూట్‌లోడర్ అనే కాపలాదారు ఆ మూటపై కంపెనీ ముద్ర సరిచూసి, సరిగా ఉంటేనే లోపలికి వదులుతాడు. ఆపైన ఆండ్రాయిడ్ ఉన్న మడి తెరుచుకుంటుంది. మన ఫోటోలు వేరే మడిలో ఉంటాయి. ముందు మడి పాడైనంత మాత్రాన వెనక మడి ఎండదు! ఆ మడిని ముట్టకుండా కంపెనీ సాఫ్ట్‌వేరు వేసే వీలు చాలా ఫోన్లలో ఉంది. అయితే ‘వైప్ డేటా’ నొక్కినా, చాలా ఫోన్లలో బూట్‌లోడర్ తాళం విప్పినా అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో మొదలుకొని కొత్త ఫోన్లలో ఈ మడికి రహస్య తాళం తప్పనిసరి. తాళంచెవి ఫోనులోనే ఉంటుంది కనుక, మెమరీ చిప్పు ఊడదీసి మరో ఫోనుకు అతికించినా ఫలితం లేదు.

ఇక ఫార్మాట్ సంగతి. కోల్డ్ స్టోరేజీలో ఏ బస్తా ఏ గదిలో, ఏ వరుసలో ఉందో రిజిస్టరు చెబుతుంది. మెమరీకి అటువంటి రిజిస్టరు పద్ధతే ఫైల్ సిస్టమ్. ఫోను లోపల ఎక్కువగా ఈఎక్స్‌టీ4, లేదా 2012లో శాంసంగ్ తెచ్చిన ఎఫ్2ఎఫ్ఎస్ ఉంటాయి. ఫ్లాష్ మెమరీలో రాసినచోటే తిరగరాయడం కుదరదు, గుంపుగా చెరిపి రాయాలి. ఆ స్వభావానికి తగినట్టు కట్టిందే ఎఫ్2ఎఫ్ఎస్.

కార్డుల లెక్క వేరు. 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో, అంతకు మించినవి 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో కార్డులో చోటున్నా ఎక్కకపోవడానికి కారణం తరచు ఇదే. 64 జీబీ కార్డును పాత బటన్ల ఫోనులో పెడితే, దానికి ఆ రిజిస్టరు భాష రాక ‘ఫార్మాట్ చేయనా?’ అని అడగవచ్చు. కార్డు చెడిపోయిందనుకొని ‘అవును’ నొక్కేవారే ఎక్కువ!

పొరపాటున నొక్కినా, మామూలు ఫార్మాట్‌లో చాలావరకు పోయేది రిజిస్టరే. బస్తాలు కొంతకాలం అక్కడే ఉంటాయి. ఆ కార్డులో కొత్త ఫోటో ఒక్కటి కూడా తీయకుండా బయటికి తీసి కంప్యూటరు తెలిసినవారికి ఇస్తే, పాత ఫోటోలు తిరిగి దొరికే అవకాశం ఉంది.