బుల్లెట్‌కి కొత్త బెండ్ పైప్ వేయించారా? పాత పైప్ అప్పుడే అమ్మేయకండి

మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద సాయంత్రం ట్రాఫిక్ ఆగిందంటే ఏ బండి ఇంజన్ ఎలా ఉందో చెవులతోనే తెలిసిపోతుంది. యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ వెనక టప్ టప్‌మని పేలే బుల్లెట్ ఒకటి ఉంటుంది. ముందు వాళ్లు కదిలాక కూడా రెండు క్షణాలు ముక్కి గానీ కదలని బండి ఇంకొకటి ఉంటుంది. చాలాసార్లు రెండింటికీ కొత్త సైలెన్సరే ఉంటుంది. చాదర్‌ఘాట్ బ్రిడ్జి దాటి కాస్త ముందుకెళ్తే పుత్లీబౌలి. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, ఇందోరీ, ఇలా ఏ పేరు చెప్పినా అలాంటి స్పేర్ పార్ట్స్ బజార్లలో పైప్ దొరుకుతుంది, అక్కడికక్కడే బిగించేస్తారు కూడా.

అసలు తలనొప్పి వారం తర్వాత మొదలవుతుంది. మైలేజీ పడిపోతుంది, పికప్ తగ్గుతుంది, పొద్దున సెల్ఫ్ కొడితే ఒకటి రెండు సార్లకు స్టార్ట్ కాదు. ఒక మెకానిక్ ప్లగ్ మారుస్తాడు. ఇంకొకరు కార్బురేటర్ విప్పి కడుగుతారు. మూడో ఆయన "ఇంజన్ పని ఉంది భాయ్" అంటాడు. ఇలా డబ్బు కరిగిపోతూ ఉంటుంది. చాలా కేసుల్లో తప్పు మాత్రం ఇంజన్ లోపల కాదు, బెండ్ పైప్ ఇంజన్‌కి అతుక్కునే చోట ఉంటుంది.

ముందు చూడాల్సింది ప్యాకింగ్

సిలిండర్ హెడ్‌లోంచి పొగ బయటికొచ్చే రంధ్రానికి, బెండ్ పైప్‌కి మధ్య ఒక చిన్న రింగు ఉంటుంది. మెకానిక్‌లు దాన్నే ప్యాకింగ్ అంటారు. బోల్టు బిగించినప్పుడు అది నలిగి, సందు లేకుండా మూసుకుంటుంది. ఒకసారి నలిగిన ప్యాకింగ్‌ని విప్పి మళ్లీ వేస్తే సరిగ్గా కూర్చోదు. అయినా తొందరలో పాతదే వాడేస్తారు. కొన్నిసార్లు పాతది రంధ్రంలో ఇరుక్కుపోయి ఉండగానే దాని మీద కొత్తది పెట్టేస్తారు. ఓ ప్లేట్ బిర్యానీ కంటే తక్కువకే దొరికే ఈ రింగు దగ్గర చేసిన కక్కుర్తి వేల రూపాయల ఖర్చు దాకా లాక్కెళ్తుంది.

లీకైతే పొగ బయటికి రావాలి గానీ ఇంజన్‌కి ఏమవుతుంది అని అనుమానం రావచ్చు. పొగ పైప్‌లో నీళ్లలాగా ఒకే ధారగా పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది. ఒక దెబ్బకి, తర్వాతి దెబ్బకి మధ్య పైప్ లోపల ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సరిగ్గా కాలని పెట్రోల్ ఆవిరి పైప్‌లోకి వస్తుంది. దానికి ఈ గాలి తోడై, పైప్ వేడికి అక్కడే అంటుకుంటుంది. కుర్రాళ్లు స్టైల్ అనుకునే ఆ టప్ టప్ శబ్దం ఇదే. అప్పుడప్పుడు చిన్నగా పేలితే కంగారు అక్కర్లేదు. గేర్ తగ్గించిన ప్రతిసారీ పేలుతుంటే మాత్రం లీకు ఉన్నట్టో, పెట్రోల్ పాలు తగ్గినట్టో లెక్క.

లీకు పట్టుకోవడానికి ఉస్తాద్ అక్కర్లేదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, బండి స్టార్ట్ చేసి సైలెన్సర్ చివర మందపాటి గుడ్డతో కొద్ది క్షణాలు సగం మూయాలి. హెడ్ దగ్గర చుఫ్ చుఫ్‌మని శబ్దం పెరిగితే అక్కడే లీకు. జాయింట్ చుట్టూ నల్లటి మసి మరకలు ఉన్నా అదే అర్థం. ఈ పని షట్టర్ మూసిన దుకాణంలోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో చేయకూడదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని పడగొట్టేదాకా తెలియదు.

బిగించడంలోనూ ఒక పద్ధతి ఉంది. రెండు నట్లు ఉన్న చోట ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాత రెండోది పట్టుకుంటే పైప్ ఒక పక్కకి ఒరుగుతుంది. ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ రావాలి. ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే మొదటి వేడికే ప్యాకింగ్ ఇంకాస్త అణుగుతుంది. అలాగని బలమంతా పెట్టి తిప్పకూడదు. హెడ్ అల్యూమినియంది, మర ఊడిపోతే లేత్ షాపుకి పోవాల్సిందే.

కార్బురేటర్ బండి వేరు, బీఎస్6 బండి వేరు

లీకు లేకపోయినా సమస్య ఉంటే బండి వయసు చూడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్6 నిబంధన వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 బండ్లు కూడా అప్పుడే కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. ఈ రెండు రకాల బండ్లకు మందు ఒకటి కాదు.

పాత కార్బురేటర్ బండిలో పెట్రోల్ ఎంత వెళ్లాలో జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క నిర్ణయిస్తుంది. కంపెనీ సైలెన్సర్‌కి సరిపోయేలా దాని రంధ్రం ఉంటుంది. పైప్ ఫ్రీ అయితే ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, పెట్రోల్ మాత్రం ఆ మేరకు పెరగదు. ప్లగ్ విప్పి చూస్తే తెలిసిపోతుంది. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువైంది, పొడి మసి పట్టి ఉంటే ఎక్కువైంది. తెల్లగా ఉన్న ప్లగ్‌ని నిర్లక్ష్యం చేసి హైవే మీద లాగిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు నిజంగానే "ఇంజన్ పని". జెట్ మార్చాల్సి వస్తే ఒక్కో సైజే పెంచుతూ, ప్రతిసారీ ప్లగ్ చూసుకుంటూ వెళ్లాలి. ఒకేసారి పెద్దది వేస్తే మైలేజీ అంతా పొగలో పోతుంది.

చాలా బండ్లలో పొగ తొందరగా కాలిపోవాలని ఎగ్జాస్ట్ దారిలోకి కొంచెం తాజా గాలి పంపే చిన్న వాల్వు, రబ్బరు పైపు ఉంటాయి. ఫ్రీ సైలెన్సర్ వేశాక ఇది కూడా పేలుళ్లకు కారణం అవుతుంది. కొందరు మెకానిక్‌లు దాని నోరు మూసేస్తారు. శబ్దం ఆగుతుంది నిజమే, పొల్యూషన్ మాత్రం పెరుగుతుంది.

ఇంజెక్షన్ బండిలో ఈ లెక్కంతా ఈసీయూ అనే కంప్యూటర్ చూసుకుంటుంది. దానికి ముక్కు లాంటిది ఆక్సిజన్ సెన్సర్. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది చెప్తే, దాన్ని బట్టి ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది, తగ్గిస్తుంది. ప్యాకింగ్ దగ్గర లీకై బయటి గాలి దూరితే సెన్సర్ మోసపోతుంది. పెట్రోల్ తక్కువైందని చెప్తుంది, ఈసీయూ అనవసరంగా ఇంకా పోస్తుంది. సైలెన్సర్ మార్చాక ప్లగ్ నల్లబడి మైలేజీ పడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇంజన్‌లో తప్పేమీ ఉండదు.

చవక బెండ్ పైపులు కొన్నింటికి సెన్సర్ బిగించే మరే ఉండదు. దాంతో సెన్సర్‌ని విప్పి పక్కన వేలాడదీస్తారు. మీటర్‌లో ఇంజన్ లైటు వెలుగుతుంది, ఈసీయూ ఊహ మీద పెట్రోల్ పోస్తూ పోతుంది. సెన్సర్ ఉన్నా దాని వైరు కొత్త పైప్‌కి తగిలి కరగవచ్చు, అది కూడా చూసుకోవాలి. లైటు వెలిగితే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి కోడ్ చూపించుకోవడం మేలు. బల్బు తీసేయడం, టేపు అతికించడం రిపేరు కాదు.

"కంపెనీ పైప్ ఇంజన్ గొంతు నొక్కేస్తుంది, అది తీస్తే పవర్ పెరుగుతుంది" అని దుకాణాల్లో గట్టిగా చెప్తారు. రేసు బండికి, పూర్తి ట్యూనింగ్‌తో, అది కొంత నిజం. నల్గొండ క్రాస్‌రోడ్స్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రెండో గేర్‌లో పాకే బండికి కావాల్సింది కింది స్పీడులో లాగే బలం. పైప్ మరీ వెడల్పైతే పొగ వేగం తగ్గి, తగ్గేది ముందుగా ఆ బలమే. పెరిగేది శబ్దం, దాన్నే చాలామంది పవర్ అనుకుంటారు.

చట్టం సంగతి

బండి కంపెనీ నుంచి బయటికొచ్చేటప్పుడు 80 నుంచి 175 సీసీ వరకు 77 డెసిబెల్స్, 175 సీసీ దాటితే 80 డెసిబెల్స్ శబ్ద పరిమితి ఉంది. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు అయినట్టు. శబ్దం, పొల్యూషన్ నిబంధనలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లైసెన్సు మూడు నెలలు పోతుంది. సొంతంగా బండిని మార్చినందుకు 182ఏ సెక్షన్ వేరే ఉంది, ఒక్కో మార్పుకు ఐదు వేలు. 2024లో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వందల్లో రోడ్డు మీద పేర్చి రోలర్‌తో తొక్కించారు.

షబే మేరాజ్, షబే బరాత్ రాత్రుల్లో నగరంలో ఫ్లైఓవర్లు ఎందుకు మూస్తున్నారో అందరికీ తెలుసు. ఇబాదత్ కోసం జాగారం చేసే రాత్రి, పెద్దాస్పత్రులున్న రోడ్డు మీద ఆ శబ్దం ఎవరికి వినిపిస్తుందో అమ్మీ, అబ్బా ఒకసారి కూర్చోబెట్టి అడగాల్సిన మాటే. మన పిల్లలకే జరిమానాలు పడుతున్నాయని వాపోయే ముందు ఆ పైప్‌కి డబ్బు ఎవరిచ్చారో కూడా చూసుకోవాలి.

ఇక పాత పైప్ విషయం. బీఎస్6 బండి కంపెనీ పైప్‌లో కెటాలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు కొద్దిగా ఉంటాయి కాబట్టి స్క్రాప్ వాళ్లు దాన్ని సంతోషంగా కొంటారు. "ఇచ్చేయండి, బిల్లులో తగ్గిస్తాం" అనే మాటకి లొంగితే, తర్వాత కొత్త కంపెనీ పైప్ కొనడానికి అంతకు ఎన్నో రెట్లు పెట్టాలి. అది లేకుండా పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది రావచ్చు. వారంటీలో ఉన్న బండికి షోరూమ్ వాళ్లు అడ్డు చెప్పొచ్చు. బండి అమ్మేటప్పుడు కొనేవాడు కూడా మొదట అదే అడుగుతాడు.

అన్నిటికంటే ముఖ్యంగా, తప్పు ఎక్కడుందో తేల్చే చవకైన పరీక్ష ఆ పాత పైపే. కొత్త ప్యాకింగ్‌తో దాన్ని తిరిగి బిగించి, సెన్సర్ కనెక్షన్ పెట్టి, జెట్ మార్చి ఉంటే పాత సైజు వేసి, రెండు రోజులు నడపాలి. సమస్య పోతే తప్పు కొత్త పైప్‌ది, లేదా దాన్ని బిగించిన తీరుది. పోకపోతే అప్పుడు ఇంజన్ విప్పే మాట మాట్లాడొచ్చు. అందుకే విప్పిన రోజే రెండు చివర్లూ గుడ్డతో మూసి, నట్లు ఒక కవర్‌లో వేసి, పైప్‌కే కట్టి ఇంట్లో పెట్టుకోవాలి.