సూరత్ ప్లేగు, ఓ గడుసు ఎంజైము: కొన్ని విశేషాలు

సూరత్ అంటే మనకు చీరల ఊరు. తెలంగాణ నుంచి వెళ్లి అక్కడి లూముల్లో స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. అక్కడి నగరపాలిక తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. 1994 సెప్టెంబరులో ఆ ఊళ్లో ప్లేగు పుట్టిందనగానే లక్షల మంది దొరికిన రైలెక్కి పారిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ బిళ్లకు కటకట వచ్చింది. అయితే ఆ బిళ్ల పనిచేసింది. దేశం మొత్తం మీద మరణాలు యాభై పైచిలుకు దగ్గరే ఆగాయి. మరుసటి ఏడు కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఊరిని కడిగి శుభ్రం చేయించారు. అప్పట్లో ఎస్.ఆర్.రావు అంటే తెలియనివారు సూరత్‌లో లేరు.

ఆ బిళ్ల పనిచేయడం మన అదృష్టం. ఎందుకో చూడండి.

ప్లేగు క్రిమి దగ్గర క్రోమోజోము కాక మూడు ప్లాస్మిడ్లు ఉంటాయి. ప్లాస్మిడ్ అంటే విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. 1952లో ఈ పేరు పెట్టింది జాషువా లెడర్‌బర్గ్. ప్లేగు క్రిమి పూర్వీకుడు ఓ మామూలు పేగు క్రిమి. దానికి లేని రెండు ప్లాస్మిడ్లు దీనికి వచ్చి చేరాయి. వాటిలో ఒకదాని బలంతోనే అది ప్లేగును మోసే గోమారి (ఫ్లీ) పురుగు పొట్టలో బతకగలుగుతోంది. ఆ ప్లాస్మిడ్‌కు టైఫాయిడ్ క్రిమిలో దగ్గరి చుట్టం ఒకటి ఉంది!

ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి ప్లాస్మిడ్ వెళ్లడాన్ని సంయుగ్మం అంటారు. దీన్ని నడిపేది రిలాక్సేజ్ అనే ఎంజైము. బాగా పరిశోధించినది ఈ.కోలై అనే బాక్టీరియాలోని ఎఫ్ ప్లాస్మిడ్‌ది. పేరు ట్రాఐ, పొడవు 1,756 అమైనో ఆమ్లాలు. లూముల దగ్గర కత్తిరించేవాడు, కండె విప్పేవాడు, ముడివేసేవాడు వేరువేరుగా ఉండొచ్చు. ఇక్కడ అన్నీ ఇదే. డీఎన్ఏ జంట పోగుల్లో ఒక్కదాన్ని, అదీ నిర్ణీత స్థానంలోనే, కోస్తుంది. తెగిన కొసను తన ఒంట్లోని టైరోసిన్‌కు అతికించుకుంటుంది. సెకనుకు సుమారు 1,000 బేస్ జతల వేగంతో పోగులు విప్పుతుంది. కొసతో పాటు తానూ పక్క కణంలోకి దూరి, అక్కడ రెండు కొసలనూ కలిపి మళ్లీ చుట్ట చేస్తుంది. మిగిలిన ఒంటి పోగుకు ఎవరి కణంలో వారు జత అల్లుకుంటారు. కాబట్టి ఇచ్చినవాడికి నష్టమేమీ లేదు.

ఈ ఎంజైముకు రెండు జన్మలు. 1976లో జర్మనీలో డీఎన్ఏ పోగులు విప్పే తొలి ఎంజైముగా దొరికింది; హెలికేజ్-1 అన్నారు. ప్లాస్మిడ్ పంపకానికి తప్పనిసరి అయిన ట్రాఐ జన్యువు తయారుచేసేది దీన్నేనని 1983లో గానీ తేలలేదు. కోసే పని కూడా దీనిదేనని రుజువు కావడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. 2017లో లండన్ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చెప్పారు: ఒకే అణువు కోతా విప్పుడూ ఒకేసారి చేయలేదు, అందుకు రెండు ట్రాఐలు కావాలి. ఎంత పనిమంతుడికైనా తోడు కావాల్సిందేనన్నమాట.

సూరత్ గండం గడిచిన మరుసటి ఏడే, 1995లో, మదగాస్కర్‌లో పదహారేళ్ల కుర్రాడిలో వేరే రకం ప్లేగు క్రిమి కనిపించింది. టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్... ప్లేగుకు మామూలుగా వాడే ఈ మందులకు లొంగని రకం. ఆ శక్తంతా ఒకే ప్లాస్మిడ్‌లో ఉంది, పైగా అది తనంతట తాను పక్క కణానికి వెళ్లగలదు. కుర్రాడు బతికాడు. ఇదే సూరత్‌లో జరిగి ఉంటే? ఆ ఊహే భయపెడుతుంది.

ఈ ప్లాస్మిడ్ మార్పిడి ఎక్కడ జరిగి ఉంటుంది? గోమారి పొట్టలో జరగొచ్చని 2002లో అమెరికాలో ప్రయోగం చేసి చూపారు. నిరోధక ప్లాస్మిడ్ ఉన్న ఈ.కోలైనీ ప్లేగు క్రిమినీ కలిపి గోమార్లకు పట్టారు. నాలుగు వారాలకు 95 శాతం గోమార్లలో మందుకు లొంగని ప్లేగు క్రిములు తయారయ్యాయి.

మనకు ఇంకా దగ్గరి కథ మద్రాసుది. 1992లో అక్కడ తలెత్తిన ఓ139 రకం కలరా క్రిమి అనేక మందులకు లొంగలేదు. కారణం ఎస్ఎక్స్‌టీ అనే డీఎన్ఏ ముక్క. ఇది ప్లాస్మిడ్‌లా విడిగా ఉండదు, క్రోమోజోములో దాక్కుంటుంది. వెళ్లాలనుకున్నప్పుడు చుట్టగా బయటికొచ్చి పక్క కణానికి పోతుంది. దాన్ని పంపే రిలాక్సేజ్, మదగాస్కర్ ప్లాస్మిడ్‌ను పంపే రిలాక్సేజ్ ఒకే కుటుంబానివి.

ఎముకల బలానికి వాడే బిస్‌ఫాస్ఫొనేట్ మందుల్లో కొన్ని ట్రాఐని అడ్డుకుంటాయని 2007లో అమెరికాలో ప్రకటించారు. ఆశ పెద్దదే. ప్లాస్మిడ్ పంపకాన్ని ఆపే మందు మాత్రం ఇంకా ఆస్పత్రికి రాలేదు.

ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కూ ఈ గతే పట్టింది. దాన్ని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద తిరుగుతోందని 2015లో చైనాలో కనుగొన్నారు. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం కోళ్ల పెంపకంలో, ఆక్వా సాగులో, మేతలో కొలిస్టిన్‌ను నిషేధించింది. భీమవరం రొయ్యల రైతైనా, షాద్‌నగర్ కోళ్ల రైతైనా మేత సంచి మీద ఆ పేరు కనబడితే కొనకండి, అమ్మినవాణ్ని నిలదీయండి.