నాన్న చేతుల తిమ్మిరి

భద్రాచలం అడవి అంచున మా ఊళ్లో నాన్న కూలికి పవర్ టిల్లర్ నడుపుతాడు. దమ్ము రోజుల్లో రాత్రి అన్నం ముద్ద కలపబోతే వేళ్లు మొద్దుబారేవి. "అలవాటైన తిమ్మిరేలేరా" అనేవాడు. నేనూ నమ్మాను. పీజీకి వచ్చి చదివాకే అది జబ్బుకు మొదలని తెలిసింది.

ఒకే సిలిండరున్న డీజిల్ ఇంజను అదురు హ్యాండిల్ గుండా చేతికెక్కుతుంది. బిగించి పట్టుకున్నకొద్దీ ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే వేళ్లలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. 1918లో అమెరికాలోని ఇండియానాలో రాళ్లు చెక్కే కార్మికుల వేళ్లు చలికి తెల్లబడటాన్ని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరిశీలించారు. వారు వాడిన గాలి సుత్తుల అదురుకూ దానికీ ఉన్న సంబంధాన్ని చూపారు.

మరి ఏం చేయాలి? ఇంజను ఆపి, వదులైన బోల్టులు బిగించాలి. అరిగిన రబ్బరు గ్రిప్పులు మార్చాలి. బండి అదుపులో ఉండేంత పట్టు చాలు. ఇద్దరు వంతులవారీగా నడపాలి. బీడీ మానాలి. పని ఆపాక కూడా తిమ్మిరి పోకపోతే డాక్టరుకు చూపించాలి. ముదిరితే పూర్తిగా నయం కాకపోవచ్చు.

మొన్న సెలవుల్లో నాన్న, నేను కలిసి బోల్టులు బిగించాం. ఇంటికెళ్లినప్పుడు మీరూ మీ నాన్న చేతులు పట్టుకుని ఒకసారి అడగండి.