ఒకటవ తరగతి యేడాది - తల్లులు తెలిసికొనవలసిన సంగతులు

జూన్ నెల వచ్చినదన్న మన యిండ్లలో క్రొత్త పలకలు, క్రొత్త సంచులు కనబడును. కొంగు వదలక యేడ్చు పిల్లవానిని బడిగుమ్మముకడ విడిచి, తానును కన్నులొత్తుకొనుచు మరలివచ్చిన తల్లి, సాయంకాలము వానినడుగు ప్రశ్న యొక్కటే: "నాయనా, నేడేమి వ్రాసితివి?" ఏమియు వ్రాయలేదు, పాటలు పాడుకొంటిమని వాడు చెప్పినచో ఆమె మనస్సు చివుక్కుమనును. "ఆటలాడుటకా బడికి పంపుట?" అని యింటి పెద్దలు ఆక్షేపింతురు. ఆ గదిలో ఏడాది పొడుగున ఏమి జరుగునో మనమెఱిగియున్నచో అక్కఱలేని యీ తొందర యుండదు; తొందరపడవలసినచోట ఆలస్యమును కలుగదు. ఈ రెండవ సంగతి మాకు స్వానుభవమువలన తెలిసినది. దానిని పిదప చెప్పెదము.

మొదటి మూడు మాసములు

మన రెండు తెలుగు రాష్ట్రములందును బడులు సాధారణముగా జూన్ రెండవ వారమున తెఱచి, ఏప్రిల్ కడపటి దినములలో మూయుదురు. ఒకటవ తరగతిలో చేరినవారికి మొదటి మూడు మాసములును ఆటపాటలతో సిద్ధపాటు జరుగవలెనని 2021లో కేంద్ర ప్రభుత్వము 'విద్యాప్రవేశ్' అను నేర్పాటు చేసినది. కథలు వినుట, బొమ్మలు చూచి మాటలాడుట, గింజలేఱుట, పూసలు గ్రుచ్చుట, నిలువుగీతలు, అడ్డగీతలు, సున్నలు గీయుట - ఇవియే ఆ దినములలోని పాఠములు. ఇవి కాలక్షేపములు కావు. మన తెలుగక్షరములన్నియు వంపులు, సున్నలు. వ్రేళ్లకు బలమును, చేతికి వాటమును రాకమునుపు 'జ' గాని 'ఱ' గాని వ్రాయుమన్న పసివాడేమి చేయగలడు? ముగ్గువేయుట యెఱిగిన మనకు దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. చుక్కలు కుదరకమునుపే మెలికలు త్రిప్పినచో ముగ్గు చెడును.

అక్షరములు

పూర్వము వీథిబడులలో ఇసుకలో వ్రేలితో 'ఓం నమశ్శివాయ' యని దిద్దించెడివారు. ఓనమాలను మాట అందుండి పుట్టినదే. పిదప అచ్చులు, హల్లులు వరుసగా వల్లె వేయించెడివారు. నేడు పెక్కు బడులలో మార్గము వేఱు. బొమ్మను చూపి, పేరు పలికించి, ఆ మాటలోని యక్షరములను విడదీసి చూపుదురు. 'వల', 'తల', 'పలక' అను మూడు మాటలు వచ్చినచో వ, ల, త, ప, క అను నైదక్షరములు వచ్చినట్లే. వానితో కల, లత, కలత అని పిల్లవాడు తానే క్రొత్త మాటలు కూర్చుకొనును. కావున దసరా నాటికి మీ పిల్లవాడు అక్షరమాలను వరుసగా నొప్పజెప్పలేకున్నను దిగులు వలదు. అటు తరువాత గుణింతపు గుర్తులు, వానివెనుక ఒత్తులు వచ్చును. ప-వ, మ-య జంటలలో పిల్లలు తడబడుట మందబుద్ధి కాదు. రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాసి భేదము చూపుచుండిన క్రమముగా కుదురును.

లెక్కలు

లెక్కలును వస్తువులతోనే మొదలగును. చింతగింజలు, చీపురుపుల్లలు చాలును. పదేసి పుల్లలు కట్టలుగా కట్టి, రెండు కట్టలును అయిదు విడిపుల్లలును ముందుంచినచో ఇరువదియైదు. మన భాషలో ఆ పేరే లెక్కను విప్పి చెప్పుచున్నది. పదునొకండు మొదలు పందొమ్మిది వఱకుగల పేర్లు అంత తేటగా లేవు గనుక అక్కడ పిల్లలు చిక్కుపడుదురు. అక్కడ మనము ఓపిక పట్టవలెను.

2021 జూలైలో నారంభమైన 'నిపుణ్ భారత్' అను జాతీయ కార్యక్రమము తరగతి కొక గుఱి పెట్టినది. ఒకటవ తరగతి ముగియునప్పటికి పిల్లవాడు 99 వఱకు సంఖ్యలను చదివి వ్రాయవలెను. చిన్న కూడికలు, తీసివేతలు చేయవలెను. మునుపు చూడని పాఠములో నాలుగైదు సులభమైన మాటలుగల వాక్యమును చదువవలెను. 'మునుపు చూడని' యను మాటను మనస్సున నుంచుకొనుడు.

దినచర్య

ఉదయము ప్రార్థన, హాజరు. మనస్సు తేటగానుండు వేళ భాషయు లెక్కలును. మధ్యాహ్నము చేతులు కడుగుకొని వరుసగా కూర్చుండి భోజనము. ప్రభుత్వ బడులలో నీ వయస్సు పిల్లలకు దినమునకు 100 గ్రాముల ధాన్యపు లెక్కన వండుదురు. పిదప బొమ్మలు వేయుట, ఆటలు, కథ. అరగంట యాలస్యముగా పోయిన పిల్లవాడు ముఖ్యమైన పాఠమును పోగొట్టుకొనునని దీనివలన తెలియగలదు.

మా యింట జరిగిన సంగతి

మా చెల్లెలి కుమారుడు మా యింటనుండి ఒకటవ తరగతి చదివెను. దీపము పెట్టగానే పుస్తకము విప్పి పాఠమంతయు గడగడ చదివెడివాడు. మేము మురిసి, వచ్చినవారికెల్ల చదివించి చూపితిమి. తల్లిదండ్రుల సమావేశమునకు రమ్మని పంతులమ్మగారు రెండుమారులు కబురంపిరి. "చక్కగా చదువుచున్నాడుగదా, పోనేల?" అని వంటపని మిషతో మానితిమి. సంక్రాంతి సెలవులలో ఒకనాడు వాడు చదువుచుండగా రెండు పుటలు ఒక్కమారుగా తిరిగినవి. వాడు మాత్రము వెనుకటి పాఠమునే తప్పులేక చదువుకొనుచు పోయెను! మా గుండె జల్లుమనెను. ఒక మాటపై వ్రేలుంచి యిదేమని యడిగితిమి. వాక్యము మొదటినుండి పెదవులతో జపించుచు వచ్చి, ఆ మాట దొరకక, వాడు మా ముఖమువంక చూచి కన్నీరు పెట్టుకొనెను.

మఱునాడే బడి తెఱచినట్లు మాకు తోచలేదు, సెలవులు యుగములైనవి. పంతులమ్మగారిని కలిసికొన్నప్పుడు ఆమె, "ఈ మాటయే చెప్పవలెనని మిమ్ము పిలిచితినండీ" అని మృదువుగా ననిరి. ఆమె చెప్పినట్లు అట్టముక్కలపై మాటలు వ్రాసి, కలిపివేసి, దినమునకు పది నిమిషములు మాత్రము చదివించితిమి. మార్చిలో నొకనాడు దారిలోని దుకాణపు పలకపై 'పాలు, పెరుగు' అని వాడు తానై చదివెను. ఒత్తులు మాత్రము రెండవ తరగతిలోగాని కుదురలేదు. దసరాకు ముందే మేము పోయియున్నచో వానికి ఆ కన్నీరు తప్పియుండును.

తల్లుల హక్కు

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము మొదటి అయిదు తరగతులకు ఏటికి 200 పనిదినములైనను ఉండవలెను. అందు పెండ్లిండ్లకు, జాతరలకు నిరువది దినములు మాన్పించితిమా, పదవవంతు పోయినట్లే. తల్లిదండ్రులను కలిసి హాజరును, చదువు సాగుటను తెలుపుట ఉపాధ్యాయుల విధియని ఆ చట్టమే చెప్పుచున్నది. ప్రభుత్వ బడుల యాజమాన్య సంఘములలో ముప్పాతిక మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెను. బడిలో పిల్లలను కొట్టరాదనియు నందే కలదు. బడిలో తగని దెబ్బ యింటను తగదు.

ఇంట చేయవలసినది స్వల్పము. వేళకు నిద్రపుచ్చుడు. ఏమి వ్రాసితివని గాక, ఏ కథ వింటివని యడుగుడు. వారమున కొకమారు పాఠము నడుమ మాటపై వ్రేలుంచి చదివింపుడు. ప్రక్కింటి పిల్లతో పోల్చకుడు. బడినుండి కబురు వచ్చినప్పుడు, వంట యొక గంట ఆలస్యమైనను సరే, పోయి రండు. మీ పిల్లవాని సంగతి చెప్పుటకై అక్కడ నొకరు మీకొఱకు కనిపెట్టుకొనియుందురు.