నెట్ లేదా? పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసేయండి!

సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికెళ్లారు. హాల్లో ఓ మూల పాత కంప్యూటర్. ఫోన్‌లో చూస్తే సిగ్నల్ ఒకటే గీత. హాట్‌స్పాట్ ఆన్ చేసి విండోస్ అప్‌డేట్ పెట్టారో... సగం కూడా కాకముందే ఆ రోజు డేటా కాస్తా ఖాళీ! ‘దీనికి నెట్టే లేదు కదా, వైరస్ ఎక్కడి నుంచి వస్తుందిలే’ అని వదిలేస్తాం. అక్కడే పొరబడతాం.

వాన్నాక్రై గుర్తుందా?

2017 మే 12న ‘వాన్నాక్రై’ ప్రపంచాన్ని వణికించింది. ఫైళ్లకి తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అసలు సంగతేంటంటే, అప్పటికి సపోర్ట్ ఉన్న విండోస్‌లకి ప్యాచ్ మార్చి 14నే వచ్చేసింది. రెండు నెలల టైమ్ ఉన్నా చాలామంది వేసుకోలేదు. పైగా ఎవరూ ఏమీ క్లిక్ చేయకుండానే, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లకి అది పాకేసింది.

మరి నెట్ లేని కంప్యూటర్‌కి ప్యాచ్ వేసేదెలా?

నాలుగే స్టెప్పులు

* ముందుగా ఇంట్లోని కంప్యూటర్‌లో విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి ‘విన్‌వెర్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. 24హెచ్2 లాంటి వెర్షన్ కనిపిస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’లో 64 బిట్టా, కాదా అన్నదీ చూసుకోండి.

* హాస్టల్ వైఫైలోనో, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లోనో ‘మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్’ సైట్ తెరవండి. మీ వెర్షన్ పేరుతో ‘క్యుములేటివ్ అప్‌డేట్’ అని వెతకండి. ‘ప్రివ్యూ’ అని ఉన్నవి వదిలేసి, అన్నిటికన్నా కొత్తది తీసుకోండి. పాత ప్యాచ్‌లు కూడా అందులోనే కలిసి ఉంటాయి.

* డౌన్‌లోడ్ నొక్కితే ఒకటికి మించి ఫైళ్లు కనిపించొచ్చు. అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. సైజు ఒక్కోసారి కొన్ని జీబీలు ఉంటుంది. పెన్‌డ్రైవ్ ‘ఫ్యాట్32’లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. ‘ఎక్స్‌ఫ్యాట్’కి మార్చుకోవాలి. అలా మారిస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, జాగ్రత్త!

* ఇంటికెళ్లాక ఫైల్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి డబుల్ క్లిక్ చేయండి. రెండుంటే కేబీ నంబర్ చిన్నది ముందు, పెద్దది తర్వాత. చివర్లో రీస్టార్ట్. అంతే!

పెన్‌డ్రైవ్ లేదా? ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని డేటా కేబుల్‌తో ఎక్కించేయొచ్చు.

ల్యాబ్ మొత్తానికైతే?

స్కూల్ ల్యాబ్‌లో ఇరవై కంప్యూటర్లుంటే ఒక్కోదానికీ వెతకడం కష్టం. అలాంటి పని కోసమే ‘డబ్ల్యూసస్ ఆఫ్‌లైన్ అప్‌డేట్’ అనే ఉచిత టూల్ వచ్చింది. నెట్ ఉన్నచోట అప్‌డేట్లన్నీ ఒక మూటగా కడుతుంది. దాన్ని తీసుకెళ్లి మిగతా కంప్యూటర్లలో వేసుకోవడమే. మీ విండోస్ వెర్షన్‌కి పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి.

డెబియన్, ఉబుంటు వాడేవాళ్లకి ‘ఆప్ట్-ఆఫ్‌లైన్’ ఉంది. ఏమేం కావాలో ఆఫ్‌లైన్ కంప్యూటర్‌లో ఒక చిట్టీ రాయించుకుని, నెట్ ఉన్నచోట ఆ సరుకు తెచ్చుకుని, మళ్లీ ఇక్కడ ఇన్‌స్టాల్ చేయడం. అచ్చం కిరాణా కొట్టు లెక్కే!

ఇవి మర్చిపోవద్దు

పెన్‌డ్రైవ్ మందునే కాదు, జబ్బునీ మోస్తుంది. 2010లో బయటపడ్డ ‘స్టక్స్‌నెట్’ ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో, బయటి నెట్‌తో సంబంధం లేని యంత్రాల్నే దెబ్బతీసింది. అది పాకిన దారుల్లో యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి. అందుకే అప్‌డేట్ ఫైళ్లకి వేరే పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. వాడేముందు స్కాన్ చేయండి. ఫైళ్లు అధికారిక సైట్ నుంచే తీసుకోండి.

ఇంకోటి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు సెక్యూరిటీ ప్రోగ్రామ్‌లో చేరితే తప్ప కొత్త ప్యాచ్‌లు పడవు. కంప్యూటర్ విండోస్ 11కి సరిపోతే మారిపోండి. సరిపోకపోతే లైనక్స్ ఆలోచించండి.

ఆ మూలనున్న కంప్యూటర్‌లోనే అక్క పెళ్లి ఫొటోలు, నాన్న లెక్కలు, తమ్ముడి ప్రాజెక్టులు ఉంటాయి. ఈసారి ఊరెళ్లేటప్పుడు బ్యాగులో బట్టలతో పాటు ఆ పెన్‌డ్రైవ్ కూడా పడేసుకోండి!